కొంగు చాటు ఆరు శబ్దాలు

“ఎవల్ని అడిగి ఇచ్చినవ్?”

యశస్విని గొంతు ఇల్లు దాటి మెట్ల దాకా పోయింది. చెవికి మిషన్ లేనప్పుడు తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆమెకు తెలియదు. ఎదురింట్లో టీవీ చప్పుడు తగ్గింది. గొడవ వినడానికే తగ్గించారేమో అనుకున్నాడు మహిపాల్. ఆ వెంటనే వాళ్లు తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది. మంచివాళ్లు, అనుకున్నాడు.

“రిపేరుకు ఇచ్చిన అని మెసేజ్ పెట్టినవ్. గిదేంది మరి?”

కూతురు ఫోన్‌ను అతని ముఖానికి అడ్డంగా పట్టుకుంది. కంపెనీ పంపిన సందేశం. మీ పాత పరికరం ఎక్స్‌చేంజ్ కింద నమోదైంది, మాతో ఉన్నందుకు ధన్యవాదాలు.

ఆ ధన్యవాదాల దగ్గరికి వచ్చేసరికి మహిపాల్ తల దించుకున్నాడు.

“కిందికి చూడకు. నాకు కనబడేటట్టు చెప్పు.”

అతను తల ఎత్తాడు. పెదవులు స్పష్టంగా కదిలిస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. “కొత్తది మంచిది బిడ్డా. క్లినిక్‌ల నూరీన్ మేడం సుత గదే చెప్పింది. పాతదానికి ఇగ వైర్లు దొరకవు. కంపెనీయే బంద్ చేసింది.”

“మంచిదా చెడ్డదా అని అడిగిన్నా నిన్ను? నాది ఎందుకిచ్చినవ్ అంటున్న.”

దానికి అతని దగ్గర ఉన్న జవాబు బయటికి చెప్పుకునేది కాదు.

గోడకు ఆనుకుని బచ్చలాకు తెంపుతున్న రుద్రమ్మ కల్పించుకుంది. “వాడేం జెప్తడు బిడ్డా? పాత మిక్సీ ఇచ్చిండు, పాత టీవీ ఇచ్చిండు, నేను దాసుకున్న రేడియో సుత ఇచ్చిండు. ఇంట్ల ఇగ పాతది నేనొక్కదాన్నే మిగిలిన. ఏ దుకాణపోడన్న తీసుకుంటనంటే రేపు నన్ను సుత ఎత్తుకపోతడు.”

ఆ మాటలేవీ యశస్వినికి వినబడలేదు. నానమ్మ పెదవుల వైపు చూసి, సగమే అందుకుని, నవ్వబోయి ఆపుకుంది. ఆపుకున్న ఆ నవ్వును మహిపాల్ చూశాడు.

“నాకు నాదే కావాలె,” అంది యశస్విని. “లేకుంటే ఏదీ వద్దు. కాలేజీ సుత వద్దు. మీరు మాట్లాడుకోండి, నేను చూస్తుంట.”

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు ధడేల్మని పడింది. ఆ చప్పుడు తెలియనిది ఇంట్లో ఆమె ఒక్కదానికే.

ఫ్రిజ్ మీద కొత్త మిషన్ పెట్టె అలాగే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

యశస్విని పుట్టు చెవిటిది. మూడో ఏట ఆపరేషన్ చేసి చెవి లోపల ఒక సన్నని తీగ అమర్చారు. చెవి వెనక తగిలించుకునే మిషన్ బయటి చప్పుళ్లను పట్టి ఆ తీగకు అందిస్తుంది. లోపలిది అలాగే ఉంటుంది. పాతబడేది, మార్చాల్సి వచ్చేది బయట మిషనే.

అప్పటినుంచి ఈ ఇంట్లో పొద్దున లేవగానే ఒక పని ఉండేది. తల్లి మంజూష పాప వెనక నిలబడి, పెదవులు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆరు శబ్దాలు పలికేది. ఆ. ఊ. ఈ. ష్. స్. మ్. పాప ఒక్కొక్కటీ తిరిగి పలకాలి. ఆరూ పలికితే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఆగితే బ్యాటరీ అయిపోయినట్టు. అప్పుడు పాప వెనక్కి తిరగకుండానే భుజం మీదుగా చెయ్యి చాపేది. మంజూష ఆ అరచేతిలో కొత్త బ్యాటరీ పెట్టేది. పాప జవాబు చెప్పేదాకా పలికినవాళ్లు ముందుకు వచ్చి ముఖం చూపించకూడదు. ఆ నియమం మంజూష ఏనాడూ తప్పలేదు.

పోయిన వానకాలంలో మంజూష చనిపోయింది. ఆ తర్వాత కూడా ఆ ఆరు శబ్దాలు ఆగలేదు. తల్లి ఎప్పుడో ఫోన్‌లో రికార్డు చేసి పెట్టినవి పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, యశస్విని తనంతట తనే పలికేది.

కొత్త మిషన్ పెట్టుకున్న రోజు ఇంటికి రాగానే ఆ రికార్డింగ్ పెట్టింది. మొదటి శబ్దానికే ముఖం మారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ.

“ఇది అమ్మ కాదు,” అంది. “ఎవరో అమ్మ లెక్క పలుకుతున్నరు.”

మిషన్ తీసి పెట్టెలో పెట్టేసింది. ఆ రోజునుంచి ఆమె ఏమీ వినలేదు.

“నిజం చెప్పు కొడుకా,” అంది రుద్రమ్మ ఇప్పుడు, ఆకు తెంపడం ఆపి. “వాళ్లడిగిన్రా? నువ్వే ఇచ్చినవా?”

“దుకాణం తెరవాలె అమ్మా,” అన్నాడు మహిపాల్, చెప్పులు వెతుక్కుంటూ.

*

దుకాణం తెరవలేదు. కోచింగ్ సెంటర్ల సందులో తన షట్టర్ ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. తల మీద కొత్త హోర్డింగు కట్టారు. ఏఐ నేర్చుకోండి, ఉద్యోగం పట్టండి. అదే ఇనుప చట్రం మీద ఒకప్పుడు జావా ఉండేది, అంతకుముందు ఇంకేదో.

పాత లాప్‌టాప్ తెచ్చి, అంతకన్నా కొంచెం కొత్తదైన పాతదాన్ని తీసుకుపోయే విద్యార్థులే అతని గిరాకీ. పేజర్ల కాలం చూశాడు, ఫ్లాపీల కాలం చూశాడు. ఏది ఏ ఏడు వచ్చిందో, ఏ ఏడు పోయిందో అడిగితే చెప్పగలడు. టెక్నాలజీ వార్త ఏది వచ్చినా టీ తాగుతూ ఇంట్లో చదివి వినిపించడం అతనికి సరదా. కూతురి మిషన్ మోడల్‌కు ఇక విడిభాగాలు తయారు కావన్న వార్త కూడా తనే చదివాడు, అదే హుషారుతో. పళ్లెంలో ఆమె చెయ్యి ఆగిపోయింది. ఉప్మా నచ్చలేదేమో అనుకున్నాడు.

పంజాగుట్ట దాకా నడిచాడు. క్లినిక్‌లో నూరీన్ ఒక చంటిపిల్లాడి చెవి పరీక్ష ముగించి, అతన్ని చూసి తనే తలుపు దాకా వచ్చింది. యశస్విని చిన్నప్పటినుంచీ ఆమె మిషన్‌ను సరిచేస్తున్నది ఈ నూరీనే.

“రండి సర్. జర కూర్చోండి. యశస్విని రాలేదా?”

“రాదట మేడం. కొత్తది ముట్టుకుంట లేదు. పాతది వాపస్ తీసుకునుడు అయితదా?”

నూరీన్ తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

“ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. పాతది ఇయ్యాలె అని మేం అనలేదు గద. బిల్లు చేస్తుంటే మీరే అడిగిన్రు, ‘పాతది తీసుకుంటరా’ అని.”

“అవు మేడం.”

“యశస్వినికి తెలుసా ఆ సంగతి?”

“తెల్వదు.”

టేబుల్ మీద ప్లాస్టిక్ చెవి బొమ్మ ఉంది. మహిపాల్ దాన్నే చూస్తూ మాట్లాడాడు. “కౌంటర్ ముంగట నిలబడితే నా నోరు దానంతటదే అడుగుతది మేడం. దుకాణం పెట్టినకాడినుంచి గదే అలవాటు. కొత్తది కొంటున్నమంటే పాతదాన్ని తోసెయ్యాలె. గంతే తెలుసు నాకు. బిడ్డ లోపల టెస్ట్ గదిల కూర్చుండె. పోయేముందు పాతది తీసి నా చేతుల పెట్టింది. ‘పట్టుకో నాన్నా’ అన్నది.”

నూరీన్ నీళ్ల గ్లాసు అతని వైపు జరిపింది.

“నేను సుత చెప్పాల్సి ఉండె,” అంది. “పాతది దగ్గర ఉంచుకోండి అని అందరికి చెప్త. ఆరోజు మస్తు భీడ్ ఉండె, బయటిదాకా జనం. కాగితం మీద సంతకం తీసుకుని పంపేసిన. మాఫ్ చేయండి సర్.”

ఆమె సొరుగు తెరిచింది. ఒక చిన్న కవరు తీసి టేబుల్ మీద పెట్టింది.

“కొరియర్ ఆయన నిన్న వచ్చి అన్నీ తీసుకపోయిండు. ఇదొక్కటి పంపబుద్ధి కాలె.”

కవరులోంచి జారిన పాత మిషన్ మీద ముదురు ఎరుపు రంగు బొట్టు ఉంది. స్టిక్కర్ బొట్టు. అంచు ఒకవైపు లేచింది.

“స్కూల్ల పిల్లలందరివి ఒక్కతీరు మిషన్లు గద. మారిపోకుండా అంటించేది వాళ్లమ్మ,” అంది నూరీన్. “ఇక్కడికి వచ్చినప్పుడు అది ఊడిపోయి ఉంటే, తన నుదుటిది తీసి అంటించేది. బోసి నుదురుతోనే ఇంటికి పోయేది.”

మహిపాల్‌కు అది తెలియదు. దారిలో బొట్టు ఎక్కడ పారేసుకొచ్చినవని తన తల్లి కోడలిని ఎన్నోసార్లు తిట్టడం మాత్రం తెలుసు. మంజూష ఏ జవాబూ చెప్పకుండా అద్దం దగ్గరికి వెళ్లేది.

అతను మిషన్ అందుకోబోయాడు. నూరీన్ దాని మీద చెయ్యి పెట్టింది.

“ఆగండి సర్. ఇది చూడండి. వైరు లోపల తెగిపోయింది, ఒక్క పోగు మీద నడుస్తుంది. ఎప్పుడు ఆగుతదో చెప్పలేను. ఇది చేతికొస్తే ఆమె కొత్తది ముట్టదు. ఇది ఆగిననాడు రెండూ ఉండవు. వినకుండా ఎన్ని రోజులు ఉంటే మళ్లా అలవాటు కావడం అంత కష్టం. ఆమె కాలేజీ, ఆమె నౌకరీ, అంతా ఆ చెవి మీదనే ఉంది.”

“కొత్తది అలవాటైతే మంజూష గొంతు మల్ల మునుపటి లెక్కనే వినబడ్తదా?”

నూరీన్ మాట వెతుక్కుంది. అబద్ధం చెప్పడానికి కాదు, నిజాన్ని మెత్తగా చెప్పడానికి.

“అమ్మ గొంతు లెక్కనే అనిపిస్తది, సర్. కానీ అప్పటికి పాత గొంతు ఎట్లుండెనో మరిచిపోయి ఉంటది.”

బయట ఫ్లైఓవర్ మీద బస్సు హారన్ ఆగకుండా మోగింది.

“ఈ మిషన్లు మొట్టమొదట వచ్చినప్పుడు ఒక్కటే తీగ ఉండెనంట,” అంది నూరీన్. “మాట తెలిసేది కాదు. ఏదో చప్పుడైందని తెలిసేది, అంతే. తర్వాత తీగలు పెరిగినయ్, మాట తెలిసింది, ఇప్పుడు పాట సుత తెలుస్తుంది. ప్రతిసారి కొత్తది మంచిదే సర్. ప్రతిసారి ఎవరో ఒకరు పాతదాని కోసం వచ్చి మీరు కూర్చున్న కుర్చీలనే కూర్చుంటరు.”

ఆమె చెయ్యి తీసేసింది.

“తండ్రి మీరు. తీసుకపోతే తీసుకపోండి. నన్నడిగితే మాత్రం, దొరకలేదని చెప్పండి.”

“ఎదురుంగ అబద్ధం చెప్పలేను మేడం. అది ముఖం చదువుతది.”

*

మిషన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని మెట్రో ఎక్కాడు. అతని ముఖంలో ఏం కనబడిందో, ఎవరో లేచి సీటు ఇచ్చారు. ఒక్క స్టేషనే అన్నాడు మహిపాల్. అయినా కూర్చోండి అన్నారు. కూర్చున్నాడు.

ఒక్కసారైనా నువ్వు పలుకు, అనేది మంజూష. నీ గొంతు సుత అలవాటు కావాలె దానికి. దుకాణం తెరవాలె, అనేవాడు తను. అన్నేళ్లలో ఆ ఆరు శబ్దాలూ తను చెప్పులు వేసుకుంటూనే విన్నాడు. ‘మ్’ దాకా ఉన్న రోజులు తక్కువ.

అమీర్‌పేటలో అందరితోపాటు దిగి, అందరూ మెట్ల మీదుగా వెళ్లిపోయాక కూడా ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డాడు. జేబు మీద చెయ్యి ఉంది. ఇస్తే కూతురు ఇవాళ నవ్వుతుంది. ఇయ్యకపోతే రేపు వింటుంది. రెంటిలో ఏది ప్రేమో చెప్పే మనిషి ఇంట్లో లేదు.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి యశస్విని హాల్లో మంచం మీద కూర్చుని ఉంది. అతని నీడ పడగానే తల ఎత్తింది.

“దొరికిందా?”

మహిపాల్ వంటింటి వైపు చూశాడు. ఫ్యాను వైపు చూశాడు. తర్వాత ఆమె చూపుకు అందకుండా నడిచి, మంచం వెనక గోడ దగ్గర నిలబడ్డాడు.

“గా ఎనక నిలబడ్తవేందిరా?” అంది రుద్రమ్మ.

“నేనే అడిగిన,” అన్నాడు మహిపాల్, కూతురి జడ వైపు చూస్తూ. “వాళ్లు అడగలె బిడ్డా. పాతది తీసుకుంటరా అని నేనే అడిగిన. నువ్వు పట్టుకొమ్మని ఇచ్చినవ్. నేను అమ్ముడు సామాను లెక్క చూసిన దాన్ని.”

రుద్రమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. యశస్వినికి నానమ్మ ముఖం కనబడుతోంది, తండ్రి మాట వినబడడం లేదు.

“ఏమంటుండు నానమ్మా? ఏమంటుండు? ముంగటికొచ్చి చెప్పమను!”

ముసలామె లేచింది. మోకాళ్లు పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిచి, దాని మీది పెట్టె తీసుకొచ్చి మనవరాలి ఒడిలో పెట్టింది. తన పెదవులు చూపించి, మెల్లగా అంది.

“నేను చెప్ప. ఇనాలనుంటే పెట్టుకొని ఇను.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో ఏం జరిగిందో మహిపాల్‌కు వెనకనుంచి తెలియలేదు. పెట్టె మూత తెరుచుకోవడం మాత్రం వినబడింది. యశస్విని జుట్టు పక్కకు తీసింది. చెవి వెనక కొత్త మిషన్ అయస్కాంతం టక్కున అతుక్కుంది. చిన్న పచ్చ దీపం వెలిగి ఆరింది.

“ఆఁ, చెప్పు,” అంది, వెనక్కి తిరగకుండానే.

ఇప్పుడు చెప్పాలి. నేనే అడిగిన, అన్న రెండు మాటలు. నోరు తెరిచాడు. భుజం మీది తువ్వాల తీసి, ఎందుకో, నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఆ,” అన్నాడు.

యశస్విని వీపు నిటారుగా అయింది. చాలాసేపటికి జవాబు వచ్చింది.

“ఆ.”

“ఊ.”

“ఊ.”

“ఈ.”

“ఈ.”

“ష్.”

“ష్.”

“స్.”

“స్,” అంది వెంటనే.

మహిపాల్ ఆగిపోయాడు. పాత మిషన్‌లో ఆ శబ్దం ఆమెకు సరిగ్గా అందేది కాదు. మంజూష రెండుసార్లు, ఒక్కోరోజు మూడుసార్లు పలకాల్సి వచ్చేది. అంతవరకు తను చెప్పులు వేసుకుంటూ విన్నాడు కాబట్టి తెలుసు. ఇవాళ ఒక్కసారికే పలికింది. మంజూష ఇక్కడుంటే కొంగు తీసేసి నవ్వేది.

ఒక్కటే మిగిలింది. ఆపరేషన్ అయ్యాక పాప మొట్టమొదట తిరిగి పలికిన శబ్దం.

“మ్,” అన్నాడు.

జవాబు లేదు.

మిషన్ ఆగిందా? కొత్తది, ఆగదు. ముందుకు పోయి ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. కానీ చూపించకూడదు. తువ్వాల నోటికి అదిమిపెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. రుద్రమ్మ ఆకుల చిప్పను ఒడిలో పెట్టుకుని మనవరాలినే చూస్తోంది.

“మ్,” అన్నాడు మళ్లీ, ఇంకొంచెం మెల్లగా.

యశస్విని చెయ్యి లేచింది. వెనక్కి తిరగకుండానే, భుజం మీదుగా, అరచెయ్యి తెరిచి చాపింది.

“తెచ్చినవ్ గద నాన్నా,” అంది. “తేకుంటే ముఖం దాస్తవా?”

గొంతు చిన్నగా ఉంది. ఎదురింటిదాకా కాదు, వంటింటిదాకా కూడా పోనంత చిన్నగా. తన గొంతు తనకు వినబడుతున్న మనిషి మాట్లాడినట్టు.

మహిపాల్ జేబులో చెయ్యి పెట్టాడు. పాత మిషన్ తగిలింది. బయటికి తీస్తే దాని మీద బొట్టు లేదు. చెమటకు ఊడి, జేబు గుడ్డకు లోపలివైపు అంటుకుని ఉంది. గోటితో మెల్లగా తీసి, ఇంకో చేతి వేలి కొసన పెట్టుకున్నాడు. రెండు చేతులూ నిండడంతో తువ్వాల జారి కింద పడింది.

ఒక చేతిలో మంజూష గొంతు తెలిసిన మిషన్. ఇంకో చేతి వేలి మీద, కొత్తదాని మీదైనా అంటించగల బొట్టు.

అరచెయ్యి అలాగే చాచి ఉంది.